రేడియేటర్ పైగొట్టం చివర మెత్తబడింది, ఇంట్లోనే మార్చుకోవచ్చా?

కత్తెర

నమస్కారమండీ. 30 ఏళ్లుగా బట్టలు కుడుతున్న మనిషిని. పనిముట్లు చేతికి కొత్త కాదు, బానెట్ కింది సరంజామాయే కొత్త. అందుకే చెడగొట్టాక కాకుండా ముందే అడుగుతున్నాను.

కారు పెట్రోలుది, వయసు 14 ఏళ్లు. నెల రోజులుగా బండి ఆపి దిగగానే ముక్కుకు ఒక తియ్యటి వాసన తగులుతోంది, దగ్గుమందు సీసా మూత తీసినట్టు. ఇంజనును చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, దాని డబ్బాలో మట్టం వారానికి వేలెడు దిగుతోంది. నేల మీద చూస్తే ఒక్క చుక్క లేదు. ఎటు పోతోందో అంతుపట్టలేదు. మొన్న ఉదయం ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు టార్చి వేసి వెతికాను. రేడియేటర్ పైభాగం నుంచి ఇంజనుకు వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం ఉంది కదా, దానికి ఇంజను వైపు చివర, క్లిప్పు చుట్టూ తెల్లగా, కొంచెం ఆకుపచ్చగా పొర కట్టి ఉంది. గోరుతో గీకితే పొడిగా రాలింది.

గొట్టాన్ని వేళ్లతో నొక్కి చూశాను. మధ్యలో గట్టిగానే ఉంది, నొక్కి వదిలితే వెంటనే లేస్తోంది. ఇంజను వైపు చివరి రెండంగుళాలు మాత్రం మెత్తగా, లోపల ఏదో విడిపోయినట్టు ఉన్నాయి. పాత కోటు అంచు పట్టుకుంటే పైగుడ్డ నిక్షేపంగా ఉండి, లోపలి అస్తరు చిరిగి జారుతున్నట్టు వేళ్లకు తెలుస్తుంది చూడండి, అచ్చం అలాగే. పైన వెతికినా ఒక్క పగులు కనిపించదు.

కొత్త గొట్టం తెప్పించాను. బండిలో ఉన్నదాన్ని కొలత టేపుతో వంపు వెంట కొలిచి చూస్తే కొత్తది 8 మిల్లీమీటర్లు పొడవు. వంపులు మాత్రం కలుస్తున్నాయి. కోసుకోవచ్చా, లేక అది వేరే బండిదా?

ఇంకా కొన్ని సందేహాలు. కూలెంట్ మొత్తం తీసేయాలా? పాత గొట్టం అది తొడిగిన మెడకు అతుక్కుపోయినట్టుంది, కొంచెం తిప్పి చూస్తే కదలలేదు. క్లిప్పులు స్క్రూ ఉన్నవి కావు, రెండు చెవులున్న స్ప్రింగు రకం. అన్నిటికంటే నాకు భయం, లోపల గాలి చిక్కుకుంటే ఇంజను వేడెక్కి పాడవుతుందని ఎక్కడో చదివాను. అది నిజమేనా?

నీలి కారు

కంగారు పడకండి, అరగంట పని. కూలెంట్ కొంచెం తీసేయండి, క్లిప్పులు వెనక్కి జరపండి, గొట్టం లాగేయండి, కొత్తది తొడగండి. కొత్తది ఎక్కకపోతే లోపల కొద్దిగా గ్రీజు రాయండి, జారుతూ వెళ్లిపోతుంది. పాతది రాకపోతే కింద స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే వస్తుంది.

పాత పానా

నీలి కారు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కాదనను. కానీ చివరి రెండు వాక్యాలూ వెనక్కి తీసుకోవాలి. చాలా ఏళ్లు ఈ పనే చేసి ఇప్పుడు మానేసినవాణ్ని. ఈ రెండు సలహాలు పాటించి వచ్చిన బళ్లను చాలానే చూశాను.

గ్రీజు సంగతి ముందు. కూలెంట్ గొట్టాలు సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. వేడినీ ఆవిరినీ ఓజోనునూ బాగా తట్టుకునే రబ్బరు అది. పెట్రోలియం నూనె దానికి పడదు. ఇంజను నూనె, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. కొత్త గొట్టం చివరకు గ్రీజు రాయడమంటే మొదటి రోజే దానికి జబ్బు అంటించడం. తడి కావాలంటే కాసిని కూలెంట్ చుక్కలు, లేదా సబ్బు నీళ్లు. అంతకంటే ఏమీ వద్దు. ఇంకోమాట, ఇంజను మీద నూనె కారుతూ గొట్టం మీద పడుతున్నా ఇదే గతి. కొత్తది వేసేముందు పైనుంచి నూనె కారడం లేదని చూసుకోండి.

ఇక స్క్రూడ్రైవర్. ఇప్పటి రేడియేటర్లలో మధ్యభాగం అల్యూమినియం, రెండు పక్కల తొట్లు ప్లాస్టిక్. గొట్టం తొడిగే మెడ ఆ ప్లాస్టిక్ తొట్టిలో భాగమే. 14 ఏళ్లు వేడికి ఉడికిన ప్లాస్టిక్ ఎంత పెళుసుగా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. దాని కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే గొట్టంతోపాటు మెడ కూడా చేతికొస్తుంది. అప్పుడు మార్చాల్సింది గొట్టం కాదు, రేడియేటర్.

కత్తెర గారూ, మీ పేరులోనే జవాబుంది. పాత గొట్టాన్ని ఎలాగూ పారేస్తారు, కాబట్టి లాగకండి, కోయండి. మెడ మీదున్న భాగాన్ని పొడవు వెంట నిలువుగా చీల్చి, రెండు పక్కలకు విప్పితే తొక్కలా ఊడి వస్తుంది. ఒకేసారి లోతుగా దించవద్దు. బ్లేడుతో మూడు నాలుగు సార్లు పైపైన గీస్తూ, రబ్బరు మందం దాదాపు అయిపోతోందని తెలియగానే ఆగి, మిగిలింది చేత్తో చింపండి. బ్లేడు మెడ మీద గీత పెట్టిందంటే కొత్త గొట్టం ఎంత బిగించినా ఆ గీత వెంట చెమ్మ వస్తూనే ఉంటుంది.

మీ వేళ్లకు తెలిసిన మెత్తదనం నిజమే, అనుమానం అక్కర్లేదు. మార్చాల్సిందే. నేల మీద చుక్క లేకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది. వేడి ఇంజను మీద సన్నగా ఊరే కూలెంట్‌లోని నీరు నేలకు చేరేలోపే ఆవిరైపోతుంది, మిగిలిన పదార్థం తెల్లటి పొరగా అంటుకుంటుంది. మీరు గీకి చూసింది అదే.

8 మిల్లీమీటర్ల తేడాకు వెంటనే కోయవద్దు. వంపు వెంట టేపుతో కొలిస్తే ఆ మాత్రం తేడా కొలతలోనే రావచ్చు. పాతది తీశాక రెండూ పక్కపక్కన పడుకోబెట్టి చూడండి. వంపులు కలిసి, ఒక చివర తిన్నటి భాగం మాత్రమే ఎక్కువ ఉంటే దాన్ని అడ్డంగా సమంగా కోసుకోవచ్చు. వంపే తేడాగా ఉంటే తిరిగి ఇచ్చేయండి. అచ్చుపోసిన గొట్టాన్ని బలవంతంగా వంచి తొడిగితే మడత దగ్గర నలిగి దారి మూసుకుపోతుంది. లోపలి వ్యాసం కూడా చూడండి. వదులు గొట్టాన్ని క్లిప్పుతో బిగించి సరిపెట్టుకునే ఆలోచన వద్దు.

కూలెంట్ మొత్తం తీయనక్కర్లేదు. మార్చేది పైగొట్టమే కాబట్టి మట్టం దానికంటే కిందికి దిగితే చాలు. చిన్న కారులో సుమారు 2 లీటర్లు తీస్తే సరిపోతుంది. అయితే అది చివరిసారి ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే ఇదే మంచి అదను, పూర్తిగా తీసి కొత్తది పోయండి. తీసింది శుభ్రమైన, మూత ఉన్న డబ్బాలోకి పట్టండి. కూలెంట్‌లో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ విషం. రుచి తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లులు నాకుతాయి, కొద్దిపాటికే మూత్రపిండాలు పోతాయి. కాలువలో పోయవద్దు, నేల మీద ఒలికితే అప్పుడే కడిగేయండి.

గాలి గురించి మీ భయం నిజమైనదే. అది పని అయ్యాక చూసుకునే సంగతి. ముందు ఇదంతా చేసి చెప్పండి, తర్వాత మాట్లాడుకుందాం. ఒక్కటి మాత్రం పెద్ద అక్షరాలతో రాసి బానెట్‌కు అతికించుకోండి: ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. లోపల అన్ని బార్ల దాకా ఒత్తిడి పట్టి ఉంచుతుందని దాని అర్థం. ఆ ఒత్తిడి వల్లే లోపలి ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, అదంతా ఒక్కసారిగా ఆవిరై ముఖాన కొడుతుంది. పైగొట్టాన్ని చేత్తో పట్టుకుంటే వెచ్చదనం కూడా తెలియనప్పుడే మూత తీయాలి. బ్యాటరీ నెగటివ్ తీగ కూడా విప్పి పక్కన పెట్టండి. కొన్ని బళ్లలో తాళం తీసేసినా ఫ్యాను తనంతట తాను తిరుగుతుంది, మీ చేయి అక్కడే ఉంటుంది.

నీలి కారు

పానా గారూ, గ్రీజు మాట వెనక్కి తీసుకుంటున్నాను. స్క్రూడ్రైవర్ గురించి కూడా నిజం ఒప్పుకుంటాను. రెండేళ్ల కిందట నా రేడియేటర్ మెడ విరిగింది. పాతబడి విరిగిందని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను.

పరీక్ష నాళిక

వృత్తిరీత్యా రసాయనశాస్త్రం చెప్పేవాణ్ని. గొట్టం చివర లోపలి నుంచే ఎందుకు పాడైంది అన్నదానికి ఒక ముక్క చెప్పి వెళ్తాను.

రబ్బరులో నల్లటి కార్బన్ పొడి కలుపుతారు కదా, దానివల్ల గొట్టానికి కొద్దిగా విద్యుత్తు ప్రవహించే గుణం వస్తుంది. ఒక పక్క ఇంజను వైపు లోహపు మెడ, ఇంకో పక్క ఈ గొట్టం, మధ్య లవణాలున్న ద్రవం. అంటే చిన్నపాటి బ్యాటరీ తయారైనట్టే. దాని ప్రభావంతో గొట్టం లోపలి గోడలో సన్నని పగుళ్లు పుడతాయి. వేడీ, వంగుడూ వాటిని పెంచుతాయి. పగుళ్లలోంచి ద్రవం లోపలి దారపు అల్లికను చేరి పోగులను నానబెట్టి బలహీనం చేస్తుంది. ఇది ఎక్కువగా చివర్లలో, లోహానికి దగ్గరగా జరుగుతుంది. ఇంజనులో కాగిన ద్రవం నేరుగా వచ్చేది పైగొట్టంలోకే కాబట్టి దానికే దెబ్బ ఎక్కువ. అందువల్ల పైచర్మం నున్నగా ఉంది కదా అని గొట్టం బాగుందనుకోవడం పొరపాటు. చల్లగా ఉన్నప్పుడు చివర్లు నొక్కి, మధ్యభాగంతో పోల్చి చూడటమే సరైన పరీక్ష. కత్తెర గారు ఎవరూ చెప్పకుండానే చేశారు.

పాతబడిపోయిన కూలెంట్‌లో తుప్పును ఆపే పదార్థాలు ఖర్చైపోయి ఉంటాయి. మామూలు కుళాయి నీళ్లు పోసినా లవణాలు పెరుగుతాయి, గార కడుతుంది. కలుపుకోవాలంటే డిస్టిల్డ్ వాటరే.

కత్తెర

అందరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం చేశాను. అయిపోయింది అనడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

రాత్రంతా బండి చల్లారింది. బ్యాటరీ తీగ విప్పాను. రేడియేటర్ మూత తీసి, కింద మూలనున్న ప్లాస్టిక్ మరను సగం తిప్పితే ద్రవం సన్నటి ధారగా వచ్చింది. ఆకుపచ్చగా ఉంటుందనుకున్నాను, టీ రంగులో ఉంది. చూడగానే మొత్తం తీసేయాలని నిర్ణయించుకున్నాను.

పాతది తీసేముందు ఒక పని చేశాను. కుట్టే ముందు రెండు ముక్కలు ఎక్కడ కలవాలో సుద్దతో గీత పెట్టుకుంటాం. అలాగే గొట్టం రెండు చివర్లా, దానికి ఎదురుగా మెడ పక్కన లోహం మీదా సుద్ద గీతలు పెట్టాను. క్లిప్పు చెవులు ఎటు చూస్తున్నాయో కూడా కాగితం మీద బొమ్మ వేసుకున్నాను. తర్వాత ఇదే నన్ను కాపాడింది. కొత్త గొట్టం ఎటు తిప్పినా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది, కొంచెం పక్కకు తిరిగితే ఫ్యాను చట్రానికి రాసుకుంటుంది.

స్ప్రింగు క్లిప్పులు గంటసేపు ఏడిపించాయి. ఇంజను వైపుది సులువుగానే వచ్చింది. రేడియేటర్ వైపు దాని చెవులు కిందికి ఉన్నాయి, పట్టకారు కొసలు జారిపోయి రెండుసార్లు టప్పున మూసుకుంది. ఒకసారి వేలి పక్కనుంచే పోయింది. చివరికి పెద్ద పట్టకారు తెచ్చి, చెవులను కొసల మధ్య కాకుండా దవడల లోతులో పట్టి నొక్కితే వెనక్కి జరిగింది.

పానా గారు చెప్పినట్టే గొట్టాన్ని నిలువుగా చీల్చాను. నాలుగో గీతకు రబ్బరు విచ్చుకుంది. ఇంజను మీది అల్యూమినియం మెడ వైపు పూర్తిగా విప్పి చూస్తే... నాకు నోట మాట రాలేదు. పైన నున్నటి నలుపు. లోపల క్లిప్పు కూర్చున్న చోటు నుంచి అంగుళంన్నర పొడవున ఒక చీలిక, దాని అంచుల్లో దారపు అల్లిక పోగులు పోగులుగా లేచి ఉంది. పట్టి లాగితే తెగిపోయాయి, చీకిన నూలు లాగా. అదే గొట్టం మధ్యలో కోసి చూస్తే పోగులు గట్టిగా, గోరుతో లాగినా రాకుండా ఉన్నాయి. ఒకే థానులో ఒక అంచు చీకి, మిగిలింది కొత్తగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. పక్కన కొత్తది పెట్టాను. వంపులు కలిశాయి, పొడవు తేడా 3 మిల్లీమీటర్లే. మిగతా 5 నా టేపు తప్పు. కోయలేదు.

మెడ మీద తెల్లటి గార గట్టిగా ఉంది. సన్న గరుకు కాగితంతో తీశాను. కొత్తది సబ్బు నీళ్లతో తడిపి తొడిగి, సుద్ద గీతలు కలిపి, క్లిప్పులు వేశాను. డబ్బా మీద రాసిన రకం చూసి, కారు పుస్తకంలో చెప్పిన కూలెంటే పోశాను. రంగు చూసి కొనలేదు.

ఇప్పుడు రెండు సమస్యలు. ఇంజను వేడెక్కాక రేడియేటర్ వైపు క్లిప్పు కింద ఒక చుక్క నిలబడింది, కారడం లేదు, అలాగే ఉంది. రెండోది, హీటరు పూర్తి వేడికి పెట్టినా లోపలికి చల్లగాలి వస్తోంది, ఇంజను వేడి చూపే ముల్లు మాత్రం సగానికి పైకి లేచింది. భయపడి ఆపేశాను. ఏమిటిది?

పాత పానా

ఆపడం మంచి పని. ముల్లు ఎక్కుతుండగా హీటరులో చల్లగాలి వచ్చిందంటే హీటరు దాకా ద్రవం చేరలేదని అర్థం. లోపల గాలి మూట కట్టింది. మీరు మొదట భయపడింది ఇదే. గాలి ఉన్న చోట వేడిని మోసుకెళ్లేది ఏమీ ఉండదు, ఇంజను తలలో ఒకచోట విపరీతంగా కాగుతుంది. ఒక్కోసారి ముల్లు కూడా సరైన మాట చెప్పదు, ఎందుకంటే దాని సెన్సారు ద్రవంలో మునిగి ఉంటేనే సరిగ్గా కొలుస్తుంది.

పూర్తిగా చల్లారనివ్వండి. ఇక చుక్క సంగతి. క్లిప్పు ఎక్కడ కూర్చుందో చూడండి. మెడ చివర ఉంగరంలా ఒక ఉబ్బెత్తు ఉంటుంది. గొట్టం దాన్ని దాటి లోపలికి వెళ్లాలి, క్లిప్పు దానికీ గొట్టం అంచుకూ మధ్య కూర్చోవాలి. సరిగ్గా ఉబ్బెత్తు మీద కూర్చుంటే ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు. మీ చుక్క అక్కడిదే అని నా అంచనా.

స్ప్రింగు క్లిప్పులు తీసేసి స్క్రూవి వేయమని ఎవరైనా చెబుతారు, ఇప్పుడే చెబుతున్నాను, వద్దు. రబ్బరు వేడికి ఉబ్బి, చల్లారితే ముడుచుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ కాస్త పలచబడుతుంది. స్ప్రింగు దానితోపాటే సర్దుకుంటుంది. స్క్రూ క్లిప్పు బిగించిన చోటే ఉంటుంది, అందుకే మొదటిసారి వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి బిగించాలి. దాన్ని బలం కొద్దీ తిప్పితే పట్టీ రబ్బరులోకి దిగి కోసేస్తుంది. మీ స్ప్రింగులు తుప్పు పట్టి బిగువు పోతేనే మార్చండి, మార్చినా అదే రకం వేయండి.

గాలి తీసే విధానం. కారు ముందుభాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలబెట్టండి, గాలి పైకి కదా పోయేది. మీ ఇంజను మీద థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక ద్రవాన్ని రేడియేటర్‌కు వదిలే కవాటం) దగ్గరో, హీటరు గొట్టం మీదో గాలి వదిలే చిన్న స్క్రూ ఉందేమో చూడండి, కొన్నిటికి ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఉంటే చల్లగా ఉన్నప్పుడే దాన్ని వదులు చేసి, గరాటుతో నెమ్మదిగా పోస్తూ, బుడగల్లేని ధార వచ్చేదాకా ఉంచి బిగించండి. హీటరు పూర్తి వేడి మీద పెట్టండి. రేడియేటర్ మూత తీసే ఉంచి ఇంజను నడపండి. మధ్య మధ్య పైగొట్టాన్ని నొక్కి వదలండి, మందపాటి తొడుగులు వేసుకుని. బుడగలు పైకి వస్తాయి, మట్టం దిగుతుంది, పోస్తూ ఉండండి. ముఖం గరాటు మీద పెట్టి చూడవద్దు.

థర్మోస్టాట్ చాలా బళ్లలో 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పటిదాకా పైగొట్టం గోరువెచ్చగానే ఉంటుంది, తెరుచుకోగానే ఒక్కసారిగా వేడెక్కుతుంది. ఆ క్షణం మీకు తప్పకుండా తెలుస్తుంది. మట్టం మళ్లీ దిగుతుంది, నింపి మూత పెట్టేయండి. తర్వాత ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఆగండి, హీటరులో వేడిగాలి నిలకడగా వస్తోందో లేదో చూడండి. రేపు ఉదయం చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడాలి, ఇది మరవవద్దు.

ఇదంతా చేశాక కూడా బుడగలు ఆగకుండా వస్తుంటే అది గొట్టం కథ కాదు, హెడ్ గాస్కెట్, అంటే ఇంజను తలకూ దాని కింది భాగానికీ మధ్యనుండే సీలు, చూపించాలి. ఇప్పటినుంచే దాని గురించి దిగులు పడకండి.

రెండో గేరు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది వేరే ప్రశ్న. నా బండి చల్లారాక పైగొట్టం చప్పిడిగా లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, వేడెక్కితే మామూలుగా అవుతుంది. గొట్టం మార్చాలా?

పాత పానా

ముందు మూత మార్చండి. చల్లారేటప్పుడు లోపలి ద్రవం కుంచించుకుంటుంది. మూతలోని చిన్న కవాటం తెరుచుకుని పక్క డబ్బాలోంచి ద్రవాన్ని లోపలికి పీల్చాలి. అది ఇరుక్కుపోయినా, డబ్బాకు వెళ్లే సన్న గొట్టం మూసుకుపోయినా పీల్చుకోవడానికి ఏమీ దొరకదు, పెద్ద గొట్టమే చప్పిడి అవుతుంది. మూత మార్చాక కూడా అలాగే ఉంటే అప్పుడు గొట్టం సంగతి చూడవచ్చు. వేరే చర్చ మొదలుపెడితే మిగతాది అక్కడ మాట్లాడుకుందాం, కత్తెర గారి పని ఇంకా సగంలో ఉంది.

కత్తెర

నిన్న సాయంత్రమూ, ఈ ఉదయమూ చేసిన పని చెబుతున్నాను.

క్లిప్పు ఉబ్బెత్తు మీదే ఉంది. సరిగ్గా సగం. గొట్టం ఇంకో అరంగుళం లోపలికి వెళ్లాల్సి ఉంది, నేను సుద్ద గీత కలిసింది కదా అని ఆగిపోయాను. గీత తిరుగుడు చెప్పింది గానీ లోతు చెప్పలేదు. మెడ చివరి నుంచి ఎంత లోపలికి వెళ్లాలో పాత గొట్టం మీద పడిన క్లిప్పు ముద్ర చూసి కొలిచి, కొత్తదాని మీద అడ్డంగా రెండో గీత పెట్టి, అక్కడిదాకా తోశాను. చుక్క మళ్లీ రాలేదు.

గాలి వదిలే స్క్రూ దొరికింది. థర్మోస్టాట్ పైన, మట్టి కింద, ప్లాస్టిక్ తల ఉన్నది. వదులు చేయగానే మూడు నిమిషాలు బుస్సుమంటూ గాలి, తర్వాత ఉమ్మినట్టు బుడగలు, ఆ తర్వాత నిండు ధార. ఇంజను నడుపుతూ గొట్టం మీద చేయి వేసి కూర్చున్నాను. ఎంతసేపు అయిందో చెప్పలేను, వాచీ తీసి పక్కన పెట్టాను. గోరువెచ్చగానే ఉంది. మనసులో థర్మోస్టాట్ కూడా పాడై ఉంటుందని ఖాయం చేసుకున్నాను. ఇంతలో తొడుగు కిందనుంచి వేడి ఇంజను వైపు చివర మొదలై రేడియేటర్ వైపు పాకింది. గరాటులో ద్రవం గుటకేసినట్టు దిగిపోయింది. సుమారు ముప్పావు లీటరు పట్టింది. హీటరు సెగ కొట్టింది. ఎండాకాలంలో హీటరు ముందు కూర్చుని సంబరపడ్డ మనిషిని నేనొక్కణ్నే అయి ఉంటాను.

ఈ ఉదయం మట్టం వేలెడు దిగింది, నింపాను. తెల్లటి పొర ఉన్న చోటంతా తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాను, మళ్లీ చెమ్మ వస్తే తెలియాలని.

ఒక్క సందేహం మిగిలింది. కిందిగొట్టం కూడా అదే వయసుది. నొక్కితే రెండు చివర్లూ మధ్యా ఒకేలా గట్టిగా ఉన్నాయి. దాన్నీ మార్చాలా?

పాత పానా

గట్టిగా ఒకేలా ఉందంటే ఇప్పుడు అత్యవసరం కాదు. కానీ 14 ఏళ్లు ఎక్కువే. మళ్లీ కూలెంట్ తీసే అవసరం ఎప్పుడొస్తే అప్పుడు దాన్నీ, హీటరు గొట్టాలనూ కలిపి మార్చేయండి. కిందిగొట్టానికి రెండు మాటలు. ఒకటి, బండి ఎత్తాల్సి వస్తుంది, అప్పుడు జాకీ మీద నమ్మకం పెట్టి కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టండి. రెండు, అది వాటర్ పంపు పీల్చే వైపు గొట్టం. కొన్ని పాత బళ్లలో అది లోపలికి నొక్కుకోకుండా ఉండటానికి లోపల స్ప్రింగు చుట్ట ఉంటుంది. పాతదాంట్లో చుట్ట కనిపించి, కొత్తదాంట్లో లేకపోతే అడిగి కనుక్కున్నాకే వేయండి.

అన్నట్టు, చీల్చిన పాత గొట్టం పారేయకండి. దాన్ని నీలి కారు గారికి చూపించాలి.

నీలి కారు

ఫొటో పెడితే చాలండీ. స్క్రూడ్రైవర్ దాచేశాను.

కత్తెర

ఫొటో రేపు పెడతాను. ప్రస్తుతం అది నా కుట్టుమిషను పక్కన, చీకిన పోగులు పైకి ఉండేలా తెరిచి ఉంది. చివరన ఇంకా టీ రంగు తేమ ఉంది, ఆరాక తీస్తాను.